అబ్బాయి తరపు బల్ల

ఆ కబురు నాకు మొట్టమొదట తెచ్చింది జగ్గయ్యపేట నుంచి నందిగామ వెళ్ళే బస్సులో కండక్టరుగా పనిచేసే ఒకావిడ. భుజాన టికెట్ల మిషను వేలాడుతుండగానే మా గదిలోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, నిలబడే చెప్పింది.

"మేడం, బస్సు రోడ్డు మీద ఆపి వచ్చా. డ్రైవరు తిడతన్నాడు. ఒక్క మాట చెప్పి పోతా. చిల్లకల్లు దాటాక ఆ కాలనీ స్టాపు లేదూ, అక్కడ ఒక పెద్దావిడ ఎక్కింది. ఎక్కి నా చెవిలో చెప్పింది. 'స్టేషన్లో ఆడోళ్ళ గదిలో కూర్చునే మేడంకి చెప్పు. మొన్న మీరు దండలేసి పంపిన పిల్లని గడప దాటనీట్లేదు. ఫోను లాక్కున్నారు. వాకిట్లో మనుషుల్ని కూర్చోబెట్టారు. ఆలస్యమైతే పిల్ల దక్కదు' అంది. అంతే, దిగిపోయింది."

"ఎవరావిడ? పిల్ల తల్లా?"

"కాదు మేడం. అత్తంట."

ఆ చివరి మాట విని నేను సగం నమ్మడం మానేశాను. ఎందుకు మానేశానో మీకు తెలియాలంటే మా గది సంగతి ముందు చెప్పాలి. మీలో చాలామంది ఇప్పుడిప్పుడే సచివాలయాల్లో, స్టేషన్లలో, మహిళా సహాయ కేంద్రాల్లో చేరుతున్నారు. మీకోసమే ఇది రాస్తున్నాను.

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. చిన్నతనంలో కాలికి జబ్బు చేసి నడక ఆలస్యమైంది. అక్షరాలు అమ్మ దిద్దించింది, లెక్కలు తాతయ్య చెప్పారు, పరీక్షలన్నీ ప్రైవేటుగా రాశాను. ఆ చదువుతోనే దేవుడు నాకు కౌన్సెలర్ ఉద్యోగం ఇప్పించాడు. ఇప్పటికీ పొద్దున దీపం పెట్టేటప్పుడు వాళ్ళిద్దరికీ ఒక దణ్ణం పెట్టుకుంటాను. హైవే పక్కన ఉన్న ఒక పోలీసు స్టేషన్లో, వరండా చివర, నాకొక గది ఇచ్చారు. భర్తలు కొడుతున్నారని వచ్చే ఆడవాళ్ళ మాట వినడం నా పని.

ఆ గదిలో ఎదురెదురుగా రెండు బల్లలుండేవి. ఒకటి అమ్మాయి తరపు బల్ల, రెండోది అబ్బాయి తరపు బల్ల. నేను చేరకముందు నుంచీ అలాగే ఉన్నాయి. బల్లల మీద వరుసగా కూర్చోవడం బడిలో అలవాటు కాకపోవడం వల్లనేమో, మొదటి రోజు నాకది పెళ్ళి మాటల్లాగానూ లేదు, కోర్టులాగానూ లేదు, వింతగా ఉంది. తరువాత అలవాటైపోయింది. అటు వాళ్ళు చెప్పుకునేవారు, ఇటు వాళ్ళు చెప్పుకునేవారు, మధ్యలో మేజా వెనక నేనూ, హెడ్ కానిస్టేబుల్ గారూ. రాజీ కుదిరితే ఎదురుగా ఉన్న కొట్లోంచి రెండు పూలదండలు తెప్పించి, భార్యాభర్తలు మార్చుకుంటుంటే ఫోటో తీసి స్టేషన్ వాట్సాప్‌లో పెట్టేవారు. పైనుంచి మెచ్చుకుంటూ బొటనవేళ్ళు వచ్చేవి. కేసు అక్కడితో ముగిసినట్టే.

ఆ పిల్లకీ అలాగే దండలు వేయించాం. ఆమెది చెవిటికల్లు వైపు, వ్యవసాయదారుల ఇల్లు. ఇష్టపడి చేసుకున్న పెళ్ళి. భర్త లారీ క్లీనరుగా మొదలై, ఆ తరువాత ఏం చేస్తాడో స్పష్టంగా చెప్పలేని మనిషయ్యాడు. కౌన్సెలింగుకి తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మాటకి ముందొక 'అండి', వెనకొక 'అండి'. అతని బల్ల మీద ఇద్దరు స్నేహితులు 'మేము పెద్దమనుషులమండి' అంటూ కూర్చున్నారు. వాళ్ళ పక్కన, ఆ చివర, అతని తల్లి. చిన్న మనిషి. భర్త పోయి చాలా కాలమైందట. నేల చూస్తూ కూర్చుంది.

"కొడుతున్నాడా అమ్మా?" అని పిల్లని అడిగాం.

"అప్పుడప్పుడు" అంది.

"గొంతు పట్టుకోవడం, కత్తి చూపించడం లాంటివి ఉన్నాయా?"

ఆ పిల్ల ఎదుటి బల్ల వైపు చూసి "లేవండి" అంది.

అప్పుడు హెడ్ గారు తన అలవాటు ప్రకారం అత్తగారి మీద పడ్డారు. "ఏమ్మా, పెద్దదానివి, నువ్వు ఎక్కిస్తుంటేనే గదా వాడు రెచ్చిపోయేది? సొంత కూతురైతే ఇట్టాగే చూస్తావా?"

ఆవిడ తల ఎత్తలేదు. "తప్పు నాదేనండి" అంది.

గదిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. తప్పు ఎవరిదో తేలిపోయింది కదా. మా ప్రాంతంలో ఇలా అనుకోవడం మరీ తేలిక. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తల్లి కథ విననివాళ్ళు ఉండరు. ఆ తల్లిని అత్తా ఆడబిడ్డా పెట్టిన ఆరళ్ళు తలుచుకుని ఏడ్చేవాళ్ళం మేమంతా. అత్త అనగానే మా మనసులో ఒక బొమ్మ తయారుగా ఉండేది. దండలు వచ్చాయి, ఫోటో తీశారు. ఫోటోలో ఆవిడ లేదు.

అందుకే కండక్టరు 'అత్తంట' అనగానే హెడ్ గారు నవ్వేశారు. "ఇదేదో నాటకం మేడం. కోడల్ని ఇంట్లోంచి తరిమెయ్యడానికి మన చేత పని చేయిస్తంది. అయినా వాడు ఈ మధ్య బుద్ధిగా ఉంటన్నాడు."

ఆయన బుద్ధి అన్నదానికి కారణం ఉంది. ఆ కుర్రాడి మీద మా స్టేషన్లోనే రౌడీషీటు ఉంది. హైవే మీద ఆగిన లారీల్లో డీజిలు తోడటం, పైన కప్పిన పట్టాలు కోసి సరుకు దించుకోవడం, అడ్డొచ్చిన డ్రైవర్లను కొట్టడం – ఆ ముఠాలో అతనొకడు. షీటు ఉన్నవాళ్ళంతా ప్రతి ఆదివారం స్టేషన్‌కి వచ్చి సంతకం పెట్టి, ఎస్సై గారి మంచిమాటలు విని వెళ్ళాలి. కొంతకాలంగా కొత్త కేసులేమీ లేవు, సంతకం తప్పలేదు. కాబట్టి వరండాకి ఆ చివర ఉన్నవాళ్ళ లెక్కలో అతను బాగుపడుతున్నవాడు. ఈ చివర నా గదిలో భార్యతో కలిసిపోయినవాడు. రెండు చివర్లకీ మధ్య ఉన్నది ఒక్క వరండా. దాన్ని దాటి ఎవరం మాట్లాడుకోలేదు.

హెడ్ గారు మామూలుగా చేసే పనికే సిద్ధపడ్డారు. ఫోన్ తీశారు. భర్తకి ఫోన్ చేసి 'రేపు భార్యని తీసుకుని రా' అని చెప్పడం మా పద్ధతి.

అప్పుడే ఆ మధ్య కొత్తగా వచ్చిన ఎస్సైగారు లోపలికి వచ్చింది. ఆ అమ్మాయి మా మేనకోడలి వయసు ఉంటుంది. విషయం విని చెయ్యి చాపింది.

"ఫోను కింద పెట్టండి బాబాయ్."

"స్టేషన్లో బాబాయ్ ఏంటమ్మా, నా హోదా పోద్ది."

"హోదా తర్వాత చూద్దాం. మీరు ఫోన్ చేస్తే వాడికి తెలిసేది ఒకటే, ఆ ఇంట్లోంచి కబురు బయటికొచ్చిందని." అని కండక్టరు వైపు తిరిగింది. "అక్కా, ఆవిడ ఏడ్చిందా?"

"లేదు మేడం. దిగేటప్పుడు మాత్రం గట్టిగా అరిచింది, 'ఇది తిరువూరు పోదా? ముందే చెప్పొచ్చుగా!' అని. నేను ఏమీ అనకుండానే. ఎవరో చూస్తన్నట్టు."

ఎస్సైగారు నా ఎదురుగా కూర్చుంది. "అమ్మా, గొంతు పట్టుకున్నాడా అని మొన్న అడిగారా?"

"అడిగాం. లేదంది."

"ఎవరి ముందు?"

నేను బల్లల వైపు చూశాను. జవాబు అక్కడే ఉంది.

ఆమె గొంతు పెంచకుండా చెప్పింది. ఆ మాటలు మీరూ రాసిపెట్టుకోండి. "కొట్టాడా అని అడిగితే సరిపోదమ్మా, ఎట్టా కొట్టాడో ఒంటరిగా అడగాలి. గొంతు మీద చెయ్యి వేసినవాడు మళ్ళీ వేస్తాడు. ఇంట్లో కత్తి ఉంటే భయం ఇంకా ఎక్కువ. వెనక నలుగురు మనుషులుంటే అది ఇంటి గొడవే కాదు, ముఠా పని. బాబాయ్, బయట బుద్ధిగా ఉంటన్నాడు అన్నారే, ఆ కోపమంతా ఎవరి మీద దిగుతందో చూశారా?"

హెడ్ గారు టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

జీపులో వెళ్తే హైవే మీద ఉన్న వాళ్ళ మనుషులు ముందే కబురు అందిస్తారు, పిల్లని ఇంకెక్కడికైనా మార్చేస్తే మళ్ళీ దొరకదు. ఆ రోజు శనివారం. మర్నాడు షీటు ఉన్నవాళ్ళంతా తమంతట తామే వచ్చి మా వరండాలో కూర్చుంటారు కదా! ఆ మాట అన్నది హెడ్ గారే. అనేసి, తన తెలివికి తనే కాసేపు ఆశ్చర్యపోయారు. అప్పటిదాకా మఫ్టీలో ఇద్దరిని కాలనీ ఎదురుగా టీకొట్టు దగ్గర ఉంచి, 'లోపలినుంచి అరుపు వినపడితే ఎవరినీ అడగకుండా దూరిపోండి' అని చెప్పారు.

ఇంటికి వెళ్ళేది ఎవరు? నేనూ, మామూలు చీరలో ఒక మహిళా కానిస్టేబుల్. ఏ మిషతో వెళ్ళడం? ఎవరో ప్రసాదం పంచుతున్నట్టు వెళ్ళమన్నారు. నాకు మనసొప్పలేదు. అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడటమా! అందుకని ఆదివారం పొద్దున్నే లేచి నిజంగానే పులిహోర చేసి, తిరుపతమ్మ తల్లి పటం ముందు నైవేద్యం పెట్టాను. 'ఇది నీ ప్రసాదమే తల్లీ, నేను పంచేదీ నిజమే. మిగిలింది నువ్వు చూసుకో' అని చెప్పుకుని గిన్నె సర్దాను.

వాకిట్లో ఒక్కడే ఉన్నాడు. షీటు లేని కొత్తవాడు, అందుకే సంతకానికి వెళ్ళలేదు. అరుగు మీద ఫోన్ చూసుకుంటున్నాడు. మమ్మల్ని చూసి లేచి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు మీరు? ఏం కావాల?"

"తిరుపతమ్మ తల్లి ప్రసాదం నాయనా."

అతను ఒక్క క్షణం తటపటాయించి, చెప్పులు విడిచి, రెండు చేతులూ చాచాడు. కళ్ళకద్దుకున్నాడు. ఇంతలో లోపలినుంచి గద్దింపు.

"ఒరే, ఇంకా ఈడనే ఉన్నావా? కోడి తెమ్మని ఎప్పుడు చెప్పా నీకు? వాడొచ్చేతలికి కూర ఉడక్కపోతే కోడి బదులు నిన్ను కోస్తాడు!"

ఆ గొంతు ఆవిడదేనని నమ్మలేకపోయాను. మా గదిలో నేల చూసిన మనిషేనా?

"ప్రసాదం తింటన్నా పెద్దమ్మా, ఇప్పుడు కోడి దగ్గరికి ఎట్టా పోను?"

"ఆదివారం కోడి కొట్టు లైన్లో నిలబడేతలికి అదే అరుగుద్ది. పో!"

అతను వెళ్ళాడు. ఆవిడ తలుపు తీసి మమ్మల్ని లోపలికి లాగి గడియ పెట్టింది. లోపలి గదిలో ఆ పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. మెడ చుట్టూ ముదురు గుర్తులు. దండ వేయించిన చోటే.

"తీసుకుపోండమ్మా" అంది ఆవిడ. "మీరొస్తారని బట్టలు సర్దా. ఎనక వాకిలి గుండా పోండి."

ఆ పిల్ల లేవలేదు. "అత్త రాకపోతే నేను రాను. నేను పోయానని తెలిస్తే ఈమెని బతకనియ్యరు."

"నాదేముందే, నేను అలవాటుపడ్డదాన్ని."

అలవాటుపడ్డదాన్ని. మంచం అంచు మీద కూర్చుని, ఆవిడ చెయ్యి పట్టుకుని, నా ఉద్యోగంలో ఏ అత్తగారినీ అడగని ప్రశ్న అడిగాను. "అమ్మా, మిమ్మల్నీ కొడతాడా?"

ఆవిడ నా ముఖంలోకి చూసింది. "ఇప్పుడడిగావా తల్లే" అంది. కోపంగా అనలేదు. కాలు ముందుకు చాపింది. బొటనవేలి గోరు నల్లబడి ఊడే స్థితిలో ఉంది. "మొన్న మీ గదిలో, ఆ బల్ల మీద కూర్చున్నప్పుడే. నేను నోరు తెరుస్తానేమోనని, నా పక్కన కూర్చున్నవాడు బూటుతో తొక్కిపెట్టాడు, లేచేదాకా తియ్యలా. ఇంతలో ఆ హెడ్డు నన్నే తిట్టబట్టె. తప్పు నాదేనంటే తొందరగా లేవనిస్తారని అన్నా."

నా కుర్చీలోంచి చూస్తే మధ్యలో నా మేజా అడ్డం. ముఖాలు కనపడేవి, కాళ్ళు కనపడేవి కావు.

"ఈ ఇల్లు నా పేరున ఇచ్చిన కాలనీ ఇల్లమ్మా" అంది మళ్ళీ. "నేను పోతే వాళ్ళ అడ్డా అయిపోద్ది. ఎనక రేకుల షెడ్డు అప్పుడే అయిపోయింది. డీజిలు డబ్బాలు, లారీ పట్టాలు, కత్తులు అన్నీ అందులోనే. కోడలు వద్దన్నందుకే దాని గొంతు పట్టుకున్నాడు."

"ఇల్లు ఎక్కడికీ పోదు. మిమ్మల్ని మళ్ళీ ఈ ఇంట్లోకి తీసుకొచ్చే పూచీ నాది" అన్నాను. అంత మాట ఇచ్చే అధికారం నాకు లేదు. అమ్మవారి మీద భారం వేసి ఇచ్చాను.

ఆవిడ దేవుడి గూటిలో దీపం కొండెక్కకుండా నూనె పోసి, చెప్పులు వేసుకుంది.

వెనక వాకిలి గుండా రోడ్డెక్కేసరికి బస్సు వచ్చింది. ఆ కండక్టరు ఆదివారం డ్యూటీ అడిగి మరీ వేయించుకుందని తరువాత తెలిసింది. నలుగురం ఎక్కాం. బస్సు కదిలాక, నల్ల సంచిలో కోడితో మలుపు తిరిగిన కుర్రాడు మమ్మల్ని చూశాడు. ప్రసాదం తిన్న చెయ్యే ఎత్తి ఆపమని పరిగెత్తాడు. కండక్టరు మెట్ల మీద నిలబడి "స్టాపు దాటింది నాయనా, ఎనక బస్సుకి రా! రైట్, రైట్!" అని అరిచింది. టీకొట్టు దగ్గర మనవాళ్ళు అతన్ని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి, ఫోన్ తీసేసుకున్నారు.

మేము నేరుగా నందిగామ ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాం, ఇద్దరికీ వైద్యం చేయించి గాయాలు నమోదు చేయించడానికి. అదే సమయంలో స్టేషన్లో జరిగింది హెడ్ గారు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది. ఎస్సైగారు వరండాలో రౌడీషీటర్లకి ఆ రోజు ఉపన్యాసం ఆపలేదట. ఆరోగ్యం, తల్లిదండ్రుల రుణం, హెల్మెట్ ప్రాముఖ్యం – ఏదీ వదల్లేదు. చివరికి ఒకడు లేచి, "మేడం, ఇంటికాడ కోడికూర చల్లారిపోద్ది" అన్నాడట.

"ఇంకా పొయ్యెక్కలేదులే, కూర్చో" అందట ఎస్సైగారు.

నా దగ్గరనుంచి ఫోన్ వెళ్ళాక ఆమె లేచింది. షెడ్డు వెతికారు. పెద్దావిడ చెప్పినవన్నీ చెప్పినచోటే ఉన్నాయి. సంతకానికి వచ్చినవాళ్ళలో ముఠా వాళ్ళు వచ్చినచోటే ఉండిపోయారు, పట్టుకోవడానికి ఎవరూ పరిగెత్తనక్కరలేకపోయింది.

ఆ తరువాతది నిదానంగా నడిచిన కథ. ఇద్దరినీ ఆశ్రయ గృహంలో చేర్చడానికి వెళ్ళినప్పుడు అక్కడి ఉద్యోగిని పిల్ల వివరాలు రాసుకుని, "ఈ పెద్దావిడ మీకేమవుతారు?" అంది. "మా అత్త." ఆమె కలం ఆగిపోయింది. "అత్తని తెచ్చుకోవడమేంటమ్మా! అత్త నుంచి తప్పించుకుని వస్తారు గానీ!" ముగ్గురం నవ్వాం. ఆ పిల్ల నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి.

నందిగామ కోర్టులో మేజిస్ట్రేటు గారి ముందు వాంగ్మూలం ఇవ్వాల్సిన రోజు పెద్దావిడ మెట్ల దగ్గర ఆగి కూలబడింది. అన్నిటికన్నా నాకు భయం వేసింది అప్పుడే. ఆవిడ చెప్పకపోతే కేసు నిలబడదు, కేసు నిలబడకపోతే కోడలు ఆ ఊళ్ళో బతకలేదు. "వాడికి పాలిచ్చినదాన్నమ్మా" అంది. నేను పక్కన కూర్చున్నాను. హెడ్ గారు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డారు. "ఆ రోజు నిన్ను తిట్టా. మనసులో పెట్టుకోమాక, పెద్దమ్మా."

"పెట్టుకోలా నాయనా. నువ్వే కాదుగా, ఈ ఊళ్ళో అత్తని తిట్టందెవరు?" అని లేచి, కోడలి భుజం పట్టుకుని మెట్లెక్కింది. లోపల ఉన్నదున్నట్టు చెప్పింది. కొడుకు చేసిందీ చెప్పింది, కొడుకుతో చేయించినవాళ్ళ పేర్లూ చెప్పింది.

కొడుకు ఆ ఇంటి దరిదాపుల్లోకి రాకూడదని ఉత్తర్వు వచ్చింది. ముఠా కేసులో అతనికీ, మిగతావాళ్ళకీ శిక్ష పడింది. అత్తాకోడళ్ళు ఇద్దరూ తమ ఇంటికి తిరిగొచ్చారు. వచ్చిన రోజు దేవుడి గూట్లో దీపం పెట్టించింది పెద్దావిడ నా చేత. నేనిచ్చిన మాట నిలబెట్టిన తిరుపతమ్మ తల్లికి ఆ గూటి ముందే దణ్ణం పెట్టుకున్నాను. షెడ్డులో ఇప్పుడు రెండు గేదెలున్నాయి. కోడలు టోల్‌గేటు కిటికీలో కూర్చుంటుంది. ఏ రోడ్డు మీద ఆమె భర్త మనుషులు లారీలకి కాపు కాసేవారో, ఆ రోడ్డు మీదే ప్రతి లారీ ఆమె ముందు ఆగి వెళ్తుంది.

మా గదిలో రెండు బల్లలూ తీసేశారు. ఒకటి వరండాలోకి వెళ్ళింది, రెండోది టీకొట్టు వాడు అడిగి పట్టుకెళ్ళాడు. విడి కుర్చీలు వచ్చాయి. ఇంట్లో ఉన్న ప్రతి ఆడమనిషినీ, ఏ తరపైనా సరే, ఒంటరిగా కూర్చోబెట్టి అడగడం మొదలైంది. ఆదివారం సంతకానికి వచ్చేవాడి ఇంటికి నెలనెలా మహిళా కానిస్టేబుల్ వెళ్ళి రావడమూ మొదలైంది. దండలు మాత్రం మాన్పించలేకపోయాం, పైవాళ్ళకి ఫోటో కావాలి కదా. కానీ ఒంటరిగా అడగకుండా దండ తెప్పించడం లేదు. నేను రిటైరయ్యేనాటికి అది అలవాటైంది. అంతకంటే ఏం కోరుకోను?

మొన్న ఆవిణ్ణి చూడటానికి వెళ్ళి, ఇదంతా రాస్తానని చెప్పాను. మజ్జిగ కలుపుతూ ఆలోచించింది.

"రాయమ్మా. నలుగురికి పనికొస్తే మంచిదేగా. నా పేరు మాత్రం వద్దు. వాడు బయటికొచ్చాక ఎక్కడన్నా చదువుకుంటే, అమ్మ ఊరంతా చెప్పుకుంది అనుకుంటాడు." గ్లాసు నా చేతికిచ్చి అంది. "వచ్చే వారం వాణ్ణి చూసి రావడానికి పోతన్నా. కోడలికి చెప్పే పోతన్నాలే. గోంగూర పచ్చడి అదే కలిపి ఇచ్చింది."

అందుకే ఇందులో ఎవరి పేరూ లేదు. మిమ్మల్ని ఒక్కటే అడుగుతున్నాను. రేపు మీరూ ఇలాంటి గదిలో కూర్చుంటారు. భర్తను చూస్తారు, భార్యను చూస్తారు, పెద్దమనుషుల్ని చూస్తారు. అప్పుడు ఒక్కసారి, అబ్బాయి తరపు బల్ల చివర నేల చూస్తూ కూర్చున్న ఆ చిన్న మనిషిని గుర్తు చేసుకోండి. పేరు లేకపోయినా ఫరవాలేదు, ఆవిణ్ణి గుర్తుంచుకోండి.